పొట్టి తోక ఇంటిపేరు

సార్వా వరి పొట్టకొచ్చే నాటికి రేపల్లె బర్నబాస్ చేతిలో ఉన్నవి ఇవి: తెనాలిలో కొన్న వెదురు ఎలుక బుట్టలు, వాటిని కన్నాల దగ్గర ఒడుపుగా పెట్టే మనుషులు, చెరుకుపల్లి రైతుల పొలాల్లో ఎలుకలు పట్టే కాంట్రాక్టు. అది నోటిమాట కాంట్రాక్టు. పట్టిన ఎలుక తోక చూపిస్తేనే లెక్క. మాట పోతే అదీ పోతుంది.

రైతుల తరఫున లెక్క చూసే సుందరరామయ్య తోకల కుప్పను పుల్లతో కదిపి, పొట్టివన్నీ పక్కకు నెట్టాడు.

"ఏంటి బర్నబాసూ, ఒక తోకని రెండు చేశావా?"

"లేదండి. అన్నిటికీ కొస ఉంది చూడండి. రెండు చేస్తే మొదలు ముక్కకి కొస ఎక్కడిదండి?"

"మొదలు ముక్కలు అమృతలూరు రైతులకి చూపించుంటావు. రేపటి నుంచి ఎలుకల మందు పెట్టేవాణ్ణి పిలుస్తాం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బర్నబాసూ నవ్వాడు. బేరంలో ముందు కోపం తెచ్చుకున్నవాడిదే నష్టం.

"కాస్త ఆగండి బాబాయ్ గారూ. చదువుకున్నవాళ్ల చేతే చెప్పిస్తాను."

"సరే, వరి ఈనేదాకా చూస్తాను."

పొట్టి తోకలవి మురుగు కాలువ గట్టు మీది తుంగలోనే పడుతున్నాయి. బర్నబాస్ ఒకదాన్ని ప్రాణంతోనే బస్సెక్కించి, బాపట్లలో ఎలుకల మీద పరిశోధన చేసే మైథిలి బల్ల మీద పెట్టాడు. పక్కనే రెండు రకాల తోకలూ పరిచాడు.

"పిల్లెలుక అనుకోకండమ్మా. కడుపుతో ఉంది."

మైథిలి తోకల నుంచి చిటికెడు మాంసం తీసి జన్యువుల పరీక్షకు పంపింది. వరి ఈనేసరికి జవాబుతో తనే చెరుకుపల్లి వచ్చింది.

"మనకి ముందు ఇంటిపేరు, తర్వాత పేరు కదండీ. శాస్త్రంలో జంతువులకీ అంతే. ఈ పొట్టి తోకలవన్నీ ఒకే వంశం. పొలం ఎలుకలతో కలవవు. పేరే కాదు, ఇంటిపేరే వేరు. పుర్రె, పళ్లు కూడా పోల్చాక గానీ కొత్త పేరు పెట్టలేం."

"అయితే సగం తోకలు కావా?"

"ఒక్కటీ కాదండి. నిండు తోకలే."

సుందరరామయ్య పొట్టివి మళ్లీ కుప్పలో కలిపాడు. "ఇకనుంచి వీటినీ పట్టు."

"వద్దండి," అంది మైథిలి. "ఈ తుంగలో తప్ప ఇంకెక్కడా కనబడలేదు. మేతగా వరి కంకి పెట్టినా ముట్టదు. తుంగ దుంపే తింటుంది."

బర్నబాస్ అందుకున్నాడు. "మందు పెడితే ఏది చస్తుందో తెలీదు బాబాయ్ గారూ. బుట్టలో అయితే తోక చూసి వదిలేస్తాం."

"సరే, బుట్టలే పెట్టు," అన్నాడు సుందరరామయ్య. "ఎలుకల బర్నబాసూ, నీకూ కొత్త ఇంటిపేరు కుదిరిందిరా."

ఆ కారు పంటకి లెక్క తేలింది. పోయినవి పొట్టి తోకలు. వచ్చినవి, మందు మానేసి అతని బుట్టలు పెట్టించుకున్న కాలువ గట్టు పొలాలన్నీ. మాట ఎక్కడిదక్కడే ఉంది. ఇంటిపేరు లాభం.