ఒదార్క అల్లిన తొడుగు

ఒదార్క చనిపోయే ముందు చివరగా అల్లింది ఒక జత ఊలు చేతి తొడుగులు. ఒకటి ఉక్రెయిన్‌లోని హార్కివ్ నుంచి వచ్చే రైల్లో పోయింది. రెండోదాన్ని బొమ్మలాటకి ఇవ్వడం ఆమె భర్త పనాస్‌కి ఇష్టం లేదు. కానీ అతనితో కలిసి బొమ్మలాడించే బోగ్నా కుట్టిన తొడుగు చేపల సంచిలా ఉంది. అందులోకి ఏ ఎలుకా ఇల్లనుకుని దూరదు. ఆట కాగానే తన చేతికి రావాలన్న షరతు మీద ఇచ్చాడు.

కథ చిన్నది. తాత మంచులో తొడుగు పారేసుకుంటాడు. ఎలుక, కప్ప, కుందేలు, నక్క, ఎలుగు వరసగా అందులో చేరతాయి. తాత వెతుక్కుంటూ వస్తాడు, కుక్క మొరుగుతుంది, అన్నీ పారిపోతాయి. బయటున్న జంతువు పోలిష్‌లో అడిగితే లోపలివి ఉక్రెయిన్ భాషలో జవాబిస్తాయి. పోలండ్‌లోని ఈ లూబ్లిన్ గ్రంథాలయానికి వచ్చే పిల్లల్లో ప్రతివాడికీ సగం కథే తెలుస్తుంది. మిగతా సగం పక్కవాడు చెబుతాడు.

మొదటి రోజే బోగ్నా గుమ్మంలో నిలబడి జిగురు డబ్బా చాపింది. పనాస్ అందుకోలేదు.

"గడప మీదుగా ఏదీ ఇవ్వకూడదు. లోపలికి రా, లేదా నన్ను బయటికి రమ్మను."

"జిగురేగా పనాస్ గారూ!"

"జిగురైతే?"

పిల్లలు నక్కకి చాక్లెట్లు అందించడం మొదలుపెట్టాక, తెర ముందరి చెక్కకి గోధుమరంగు వేశాడు. ప్రతి ఆటకీ ముందు తెర వెనకనుంచే రెండు భాషల్లోనూ చెప్పేవాడు: ఇది గడప, దీని మీదుగా ఎవరూ ఏమీ ఇవ్వకూడదు.

ఆ శనివారం కుక్క మొరిగింది. జంతువులు పారిపోయేలోపే, ముందు వరసలోని ఆరేళ్ల జ్లాతా చెక్క మీది తొడుగుని లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. ఐదు జంతువులూ అందులోనే ఉన్నాయి.

"పాపా, నా తొడుగు ఇచ్చెయ్. చెయ్యి గడ్డకడుతోంది," అంది తాత బొమ్మ, పనాస్ గొంతుతో.

పిల్ల లేచింది. చెక్కదాకా చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది.

"గడప మీదుగా ఇవ్వకూడదన్నారుగా."

తెర వెనక బోగ్నా నవ్వాపుకోడానికి నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. "జిగురు గుర్తుందా పనాస్ గారూ?"

ముప్పై ఏళ్ల బొమ్మలాటలో పనాస్ ఒక్కసారీ తెర ముందుకి రాలేదు. ఒదార్కా రాలేదు. ఆమె శవపేటిక దగ్గర నిలబడ్డవాళ్లలో సగం మంది ఆ ముఖాన్ని అప్పుడే మొదటిసారి చూశారు. గొంతు మాత్రం అందరికీ తెలుసు.

పనాస్ బయటికి వచ్చాడు.

"తాత నిజమే!" అన్నాడు ఒక పిల్లవాడు, పోలిష్‌లో.

జ్లాతా తొడుగు వదల్లేదు. "ముందు ఇవెక్కడికి పోతాయో చెప్పండి. ఇప్పుడేగా సర్దుకున్నాయి."

పనాస్ కోటు జేబు తెరిచి చూపించాడు.

"ఎక్కడికీ పోవు. నా జేబులో ఉంటాయి."

"మరి మీ చెయ్యి?"

"రెండో జేబుంది."

అప్పుడిచ్చింది. ఎలుగు సగం బయటికే ఉంది. లోపలికి నొక్కి, తొడుగుని కోటు జేబులో పెట్టుకున్నాడు.

పిల్లలు వెళ్లాక బోగ్నా చెయ్యి చాపింది. "బొమ్మలివ్వండి, పెట్టెలో పెట్టాలి."

"ఉన్నచోట ఉన్నాయి."

"మంచు పడుతోంది. తొడుక్కోరా?"

"ఖాళీ లేదు."

బయటికి నడిచాడు. టోపీ మర్చిపోయాడు. బోగ్నా దాన్ని తీసుకుని, గడప దాటి మంచులోకి వచ్చి ఇచ్చింది.