ఆడపడుచు చూపు, నల్ల సాసు చేప

ఆడపడుచు భర్తతో సహా దిగిన మర్నాడు పొద్దున్నే వంటింట్లో తనిఖీ మొదలైంది. ఆవిడ ఈమధ్యే వీగన్ అయింది. మాంసం, చేప, గుడ్డు సరే, పాలు, తేనె కూడా ముట్టదు. తన మానాన తాను మారి ఊరుకుంటే గొడవే లేదు. ముందు మొగుణ్ణి మార్చింది, ఇప్పుడు తమ్ముడి ఇంటిమీద పడింది.

"మోసమంతా ఈ సీసాల్లోనే ఉంటుందమ్మాయ్," అంటూ అలమరలోని సాసులన్నీ గట్టుమీదికి దించింది.

ఇల్లాలికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అలవాటుకొద్దీ ఆమె సీసాలను వదిలేసి ఆడపడుచు చేతినే గమనించింది. సీసాను ముక్కుదాకా తెచ్చి, మెల్లగా వెనక్కి జరిపి, చెయ్యి చాలక తల కూడా వెనక్కి వాల్చి చదువుతోంది. చత్వారం! అనుమానమే లేదు.

"ఇందులో గుడ్డుంది," అని మయోనైజ్ పక్కన పడేసింది. అది సోయాతో చేసింది. 'గుడ్డు లేదు' అని మూతమీదే పెద్దక్షరాల్లో ఉంది. అందులో మొదటి మాటే ఆవిడ కంటికి ఆనినట్టుంది. ఆవాల పేస్టు పసుప్పచ్చగా ఉందని "తేనె కలిపారు," అంది. నల్ల సాసు దగ్గరికొచ్చేసరికి మొహం వికసించింది. ఆ పులుపంటే ఆవిడకు ప్రాణం.

"చింతపండు, ఉల్లి, వెల్లుల్లి. శుద్ధమంటే ఇదీ!" సీసావైపు చూడకుండానే తీర్పు చెప్పింది.

ఇల్లాలు తీసి చూసింది. ఉల్లికీ వెల్లుల్లికీ నడుమ, చీమల బారులాంటి అక్షరాల్లో, 'చేపలు' అని ఉంది.

"వదినా, ఓసారి మా దుకాణానికి రాకూడదూ? కొత్త ఫ్రేములొచ్చాయి."

"నా కళ్ళకేం రోగం? ఇప్పటికీ సూదిలో దారం నేనే ఎక్కిస్తాను!"

ఇల్లాలు భర్తవంక చూసింది. ఆయన పేపర్లో తల దూర్చేశాడు. అక్కకు ఎదురు చెప్పడం ఆయన జాతకంలోనే లేదు.

అప్పట్నుంచీ బల్లమీద నల్ల సాసొక్కటే మిగిలింది. ఆడపడుచు భర్త ఆవాల పేస్టు ఉన్న అలమరవైపు చూస్తూ గుటకలు మింగేవాడు. ఆవిడ ఉడికించిన దుంపలమీద సాసు ధారగా పోసుకుని, వలలో చిక్కిన చేపల బాధ కళ్ళకు కట్టినట్టు చెప్పేది. చెబుతూ మళ్ళీ పోసుకునేది. మొదట్లో ఇల్లాలికి నవ్వాగేది కాదు. ఓ పూట ఆ మాటలు చెబుతుంటే ఆవిడ కళ్ళు నిజంగానే చెమర్చాయి. దాంతో నవ్వు చచ్చిపోయింది.

మర్నాడు చలవ కళ్ళద్దాలు చూపిస్తానని దుకాణానికి తీసుకెళ్ళింది. అద్దం ముందు కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి చదివే అద్దాలు తొడిగింది. సంచీలోంచి సీసా తీసి చేతికిచ్చింది.

"చింతపండు... ఉల్లి... చే..."

అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఈ అద్దాల్లో ఏదో లోపముంది."

ఇల్లాలు ఇంకో జోడు ఇచ్చింది. మరొకటి ఇచ్చింది. ఏది పెట్టినా చేప చేపలాగే ఉంది.

"నీకు ముందే తెలుసా?"

"మొదటిరోజే చూశాను వదినా. చెప్పే ధైర్యం చాల్లేదు."

"చాల్లేదా, చూస్తుంటే సరదాగా ఉందా?"

ఇల్లాలు తలొంచుకుంది. రెండూ నిజమే.

ఆ రాత్రి ఆడపడుచు కొత్త కళ్ళజోడుతో భోజనానికొచ్చి గంభీరంగా ప్రకటించింది.

"ఈ సాసులో ఈమధ్యే చేపలు కలపడం మొదలెట్టారు. ఆవాల పేస్టువాళ్ళు నయం, తేనె మానేశారు."

ఆవిడ భర్త ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా బ్రెడ్డుకు ఆవాల పేస్టు అంగుళం మందాన పట్టించాడు.

వాళ్ళు వెళ్ళాక కొన్నాళ్ళకు ఆయన దుకాణానికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఇదివరకు ఊహించి చెప్పేది కాబట్టి సగం సరుకు బతికిపోయేది. ఇప్పుడు నిజంగానే చదువుతోంది. బిస్కెట్లు పోయాయి, బ్రెడ్డు కూడా పోయింది. ఆ అద్దాలు కాస్త మసగ్గా కనిపించేలా చేసిస్తావా?"

"చూపు విషయంలో మోసం చెయ్యలేను అన్నయ్యగారూ."

ఆయన నిట్టూర్చేలోపే వెనకనుంచి ఆడపడుచు గొంతు ఖంగున మోగింది.

"ఎవరితో ఆ గుసగుసలు? వెనిగర్ సీసా ఎక్కడ దాచారు? దానిమీదిది నేనింకా చదవలేదు!"