రెండు వేళ్ళ మడత

ఆ వీధిలో అందరూ ఆయన్ని ఎల్లుండి మాస్టారు అనేవారు. మరీ ముఖాన కాదు, అలాగని చాటునా కాదు. కొలతలిచ్చి కొట్టు మెట్లు దిగుతూ, ఆయనకి వినపడేంత దూరంలోనే అనుకునేవారు. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. కుట్టు బాగుంటుందని ఊరందరికీ తెలుసు. అది ఎప్పటికి పూర్తవుతుందో మాత్రం ఆయనకే తెలియదు. తెలియదని చెబితే వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని, నలభై ఏళ్ళుగా ఎల్లుండి రమ్మని చెబుతూ వచ్చాడు. పనిమంతుడు, మెత్తటి మనిషి, మాట మీద నిలబడడు. ఇలాంటివాళ్ళని తిట్టడానికి నోరు రాదు, తిట్టకపోతే కడుపుమంట చల్లారదు.

అలాంటి తండ్రికి ఇలాంటి కూతురేమిటని వీధంతా ముక్కున వేలేసుకునేది. ఆవిడ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ల వేళల పట్టిక వేస్తుంది. ఏ డాక్టరు ఏ గదిలో ఎన్నింటికి కత్తి పట్టాలో, మధ్యలో గది కడగడానికి ఎన్ని నిమిషాలో, అన్నీ ఆవిడ కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం తప్పితే పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఆవిడ బల్ల ముందుకొచ్చి నసుగుతారు. నిజానికి ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఎల్లుండి అన్న మాట వింటూ పెరిగిన పిల్ల గడియారం పట్టుకుని వేలాడక ఏం చేస్తుంది?

భార్య పోయాక మాస్టారు కూతురి దగ్గరే ఉంటున్నాడు. కింద కొట్టు, పైన ఇల్లు. కూతురు, అల్లుడు, రెండో తరగతి చదివే మనవరాలు. మనవరాలిని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. కాసేపు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ఆ ఏడాది సెలవులకి ఆటల పార్కుకి వెళ్దామని పిడుగు ఇంట్లో పోరు పెట్టింది. నాలుగు రోజుల ప్రయాణం. ఆ పార్కులో టికెట్టు కొనుక్కుని గేటులోకి నడిచిపోవడమన్నది ఎప్పుడో పోయింది. ఏ రోజు వస్తారో ముందే చెప్పాలి. ఏ ఆట ఎన్నింటికి ఎక్కుతారో, అరవై రోజుల ముందు, పొద్దున్న ఏడింటికి ఫోనులో పట్టుకోవాలి. ఏడూ మూడయ్యేసరికి మంచివన్నీ ఎగిరిపోతాయి. మధ్యాహ్నం కూర్చుని తినడానికి బల్ల వేరే, సాయంత్రం ఊరేగింపు చూడటానికి నిలబడే చోటు వేరే. కూతురు వంటింటి తలుపుకి పెద్ద కాగితం అంటించి, నిమిషాలతో సహా గళ్ళు గీసింది. మనం వెళ్తోంది సరదాకా, ఆపరేషన్‌కా అని అల్లుడు ఒక్కసారి అడిగాడు. రెండోసారి అడగలేదు.

కాగితం మధ్యలో ఒక గడికి ఎర్ర పెన్సిలు చుట్టి ఉంది. గుహరైలు. చీకటి గుహలోంచి దూసుకొచ్చి ఒక్కసారిగా కిందికి పడే రైలది. పిడుగుకి కావలసింది అదొక్కటే. తరగతిలో సగం మంది ఎక్కొచ్చారు, తను ఎక్కలేదు. దానికోసం మిగతా ఆటలన్నీ అటూ ఇటూ జరిపి పెట్టింది తల్లి.

సరిగ్గా అరవై రోజులుందనగా, పొద్దున్నే ఇల్లంతా ఫోను చుట్టూ చేరింది. ఏడు కొట్టింది. ఫోను తెర పిల్ల ఎత్తు అడిగింది. నూట ఇరవై సెంటీమీటర్లు లేనివాళ్ళకి గుహరైలు ఇవ్వదట. మెడలో టేపుతో తిరిగే మనిషి ఇంట్లో ఉండగా ఇంకెవర్ని అడుగుతారు? కూతురు తెర మీంచి కళ్ళు తీయకుండా, త్వరగా చూడమని తండ్రిని కేకేసింది. ఆయన పిల్లని తలుపు వారకి నిలబెట్టి, టేపు పరిచి, వంగి చూశాడు.

"నూట ఇరవై," అన్నాడు.

పదకొండూ ఇరవైకి గుహరైలు దొరికింది. కూతురు కుర్చీలోంచి లేచి, ఎన్నో ఏళ్ళ తర్వాత తండ్రి భుజం మీద తల ఆనించింది. అడిగిన నిమిషంలో అడిగింది ఇవ్వడం ఇదే మొదటిసారి నాన్నా అంది. ఆ మాటకి మాస్టారు రోజంతా నేల మీద నడవలేదు.

ఆ ఊపులోనే ప్రయాణానికని పిడుగుకి గౌను కుట్టాడు. నీలం రంగు, తెల్ల గుండీలు. ఎప్పుడూ లేనిది, పన్నెండు రోజులు ముందుగానే పూర్తయింది. పిల్లకి తొడిగి చూస్తే అంచు మామూలుగానే రెండు వేళ్ళు కిందికి దిగింది. ఎదిగే పిల్ల కదా అనుకుంటూ మోకాళ్ళ మీద కూర్చుని, అంచు లోపలికి మడిచి గుండుసూదులు గుచ్చుతున్నాడు. మూడో సూది దగ్గర చెయ్యి ఆగిపోయింది.

పిల్లల బట్టలకి ఆయన ఎప్పుడూ అంతే. టేపు మీద ఎంతుందో నోటితో అంత చెప్పడు. పొడవుకి రెండు వేళ్ళు ఎదుగుదల కలిపే చెబుతాడు, అదే పుస్తకంలోకి ఎక్కుతుంది. నలభై ఏళ్ళుగా కంటికీ నోటికీ మధ్య ఆ రెండు వేళ్ళూ వాటంతటవే కలిసిపోతున్నాయి. ఆ రోజు కూడా కలిసిపోయాయి. పిల్లని మళ్ళీ గోడకి నిలబెట్టి కొలిచాడు. నూట పదిహేడు. అదీ ఈ నెలన్నర ఎదిగాక.

వారం ముందు వరకూ ఆటలు మార్చుకోవచ్చని కూతురు చెప్పగా విన్నాడు. ఇంకా అయిదు రోజులుంది. సాయంత్రం చెప్పేద్దామనుకున్నాడు. సాయంత్రం కూతురు ఆసుపత్రి నుంచి వాడిపోయిన ముఖంతో వచ్చింది. రేపు చెబుదాం. మర్నాడు వంటింటి కాగితం ముందు తల్లీకూతుళ్ళు నవ్వుకుంటున్నారు. ఇప్పుడెందుకులే, ఎల్లుండి చెబుదాం అనుకున్నాడు. అలా అనుకున్నట్టు ఆయనకి తెలియను కూడా తెలియలేదు. ఆరో రోజు పొద్దున్న మార్చుకునే గడువు అయిపోయిందని కూతురే కాఫీ తాగుతూ చెప్పింది. ఇక మన ప్లాను ఎవరూ కదపలేరని సంతోషించింది.

అప్పుడాయనకి కూతురి గౌను గుర్తొచ్చింది. అప్పుడు కూతురికీ ఇదే వయసు. స్కూల్లో డాన్సుకి తెల్ల గౌను కావాలంది. కత్తిరించాడు, కుట్టాడు, చేతులు మాత్రం మిగిలిపోయాయి. ఊళ్ళో పెళ్ళి బట్టలు మీద పడ్డాయి. పిల్ల రోజూ వచ్చి అడిగేది, రోజూ ఎల్లుండి అనేవాడు. ఆ రోజు అందరూ తెల్ల గౌన్లలో ఆడుతుంటే, ఈ పిల్ల బడి యూనిఫారంతో తెర పక్కన నిలబడి చూసింది. ఇంటికొచ్చి ఏడవలేదు, అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన్ని ఏదీ కుట్టమనలేదు.

మళ్ళీ అదే పని చేస్తున్నానని తెలిసి కూడా మనిషి నోరు విప్పలేదు. చేతులకి పని చెప్పాడు. కోట్ల భుజాల్లో పెట్టే మెత్తలు తీసి, ఒకదాని మీద ఒకటి వేసి దట్టంగా కుట్టి, పిడుగు బూట్ల అడుగున అమర్చాడు. కాళ్ళు నొప్పెట్టకుండా అని పిల్లకి చెప్పాడు. బూట్లతో నిలబెట్టి కొలిస్తే సరిగ్గా నూట ఇరవై. కుట్టు ఎంత శుభ్రంగా కుదిరిందంటే, చేసిన పని మంచిదైతే దాన్ని చూసి మురిసిపోయేవాడే.

పార్కులో అంతా కాగితం ప్రకారం జరిగింది. ఎక్కడా నిలబడక్కర్లేదు, ఎక్కడా నిలవడానికీ లేదు. పదకొండూ పదిహేనుకి గుహరైలు దగ్గరికి చేరారు. సంచులు పట్టుకుని అల్లుడు నీడన ఆగిపోయాడు. అలాంటివి ఎక్కితే అతనికి కడుపులో తిప్పుతుంది. మాస్టారు సాగనంపడానికి కమ్మీ దాకా వెళ్ళాడు. వరుస మొదట్లో చెక్కతో చేసిన ఎలుగుబంటి చెయ్యి చాచి నిలబడి ఉంది. దాని చేతికి తల తగిలినవాళ్ళకే లోపలికి దారి.

కమ్మీ అవతల ముందు జట్టు రైలెక్కుతోంది. ఇనుప అడ్డకమ్మీ వచ్చి అందరి ఒళ్ళో దిగుతోంది. పనిచేసే అమ్మాయి ఒక్కొక్కరి బెల్టూ లాగి చూస్తోంది. చివరి వరుసలో ఎత్తు బొటాబొటీగా అందిన పిల్లాడొకడున్నాడు. వాడి నడుముకి బెల్టు అమరింది, వదులు లేదు. ఇంకో రెండు వేళ్ళు తక్కువైన ఒళ్ళయితే ఆ బెల్టు ఎక్కడ నిలుస్తుందో మాస్టారి కంటికి చెప్పక్కర్లేదు. గౌనులో రెండు వేళ్ళ వదులు పిల్ల మేలు కోరి పెట్టేది. ఇక్కడ అదే వదులు పిల్లని జారవిడుస్తుంది. చెయ్యి చాచి మనవరాలి భుజం పట్టుకున్నాడు.

"ఇది ఎక్కకూడదమ్మా," అన్నాడు కూతురితో. "దీని ఎత్తు నూట ఇరవై లేదు. ఆ రోజు అలవాటు కొద్దీ రెండు వేళ్ళు కలిపి చెప్పేశాను. బూట్లలో మెత్తలు పెట్టాను."

కూతురు బూట్ల వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "నీకెప్పుడు తెలిసింది?"

"పన్నెండు రోజులైంది."

వెనకవాళ్ళు తోసుకుంటుంటే ముగ్గురూ పక్కకి జరిగారు. ఆవిడ గొంతు పెంచలేదు. ఆసుపత్రిలో కూడా పెంచదట, అందుకే అక్కడ అందరికీ భయం.

"వారం ముందు చెప్పుంటే మార్చుకునేదాన్ని," అంది. "చిన్నపిల్లలు ఎక్కేవి నాలుగున్నాయి, దీనికోసం అన్నీ వదిలేశాను. నా గౌను కూడా ఇంతే నాన్నా. కాలేదని ముందురోజు చెప్పినా ఎవరినో అడిగి తెచ్చుకునేదాన్ని. నువ్వు ఎల్లుండి అన్నావు. నేను నమ్మాను."

మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా ఆలస్యం చేశాననే అనుకున్నాడు కానీ, పిల్లని నమ్మించి నిలబెట్టానని ఎప్పుడూ అనుకోలేదు. ఆలస్యమైతే ఎవరైనా క్షమిస్తారు. ఇది అది కాదని ఇప్పుడు తెలిసింది.

ఈలోగా పిడుగు బూట్లు విప్పేసింది. మేజోళ్ళతో నడిచి వెళ్ళి ఎలుగుబంటి చెయ్యి కింద నిలబడి, మెడ ఎంత సాగుతుందో అంతా సాగదీసింది. తల అందలేదు. ఇంకొకసారి నిలబడింది. అప్పుడు తల్లి నడుముని చుట్టుకుని ఏడ్చింది. మాస్టారు బూట్లు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

బెల్టులు చూసే అమ్మాయి ఇలాంటి ఏడుపులు రోజూ చూస్తుంది కాబోలు, సొరుగులోంచి పచ్చ కార్డు ఒకటి తీసి, పిల్లని పేరడిగి రాసిచ్చింది. ఎత్తు అందిన రోజు ఆ కార్డు తెస్తే ముందుగా సమయం తీసుకోనక్కర్లేదు, వరుసలో నిలబడనక్కర్లేదు, నేరుగా ఎక్కించేస్తారట. కూతురు కార్డుని అటూ ఇటూ తిప్పి, ఎప్పటివరకు చెల్లుతుందని అడిగింది.

"తేదీ ఉండదండి," అంది ఆ అమ్మాయి. "పాప ఎప్పుడు ఎదిగితే అప్పుడే."

పక్కనే ఉన్న బల్ల మీద కూర్చున్నారు. పదకొండూ ఇరవై వచ్చింది, రైలు అరుపులతో వెళ్ళిపోయింది. తర్వాతి గడిలో ఏముందో కూతురు చూడలేదు. పిడుగు ముక్కు తుడుచుకుని, కార్డు ఒళ్ళో పెట్టుకుని తాతయ్య వైపు తిరిగింది.

"తాతయ్యా, నేనెప్పుడు ఎదుగుతాను?"

ఎల్లుండి అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. నలభై ఏళ్ళు వచ్చిన దారే కదా. దాన్ని మింగేశాడు.

"తెలియదమ్మా," అన్నాడు.

కూతురు తలెత్తి చూసింది. తండ్రి నోట ఆ మాట ఆవిడ ఎన్నడూ వినలేదు.

"ఎప్పుడో నాకు తెలియదు," అన్నాడు మళ్ళీ. "ఆ రోజుకి ఈ గౌను మాత్రం సరిపోతుంది. ఆ రెండు వేళ్ళూ ఇందులో మడిచి పెట్టాను. విప్పితే చాలు."

పిడుగు గౌను అంచు తిరగేసి, లోపలి మడతని వేలితో తడిమి, నిజమే అంది. తల్లి కూడా వంగి ఆ మడతని పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"నా గౌనుకి కూడా ఇలా పెట్టావా?"

"పెట్టాను. ఇంకా ఉంది అది. కొట్లో బీరువా పై అరలో. చేతులొక్కటే మిగిలాయి."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది, అది కోపమో మరేమిటో ఆయనకి అర్థం కాలేదు, అడిగే ధైర్యమూ లేదు. కాసేపటికి పిడుగు వైపు చూసి, దీనికి సరిపోతుందా అంది. సరిపోతుందన్నాడు.

"ఎప్పటికిస్తావు?"

మాస్టారు వెంటనే చెప్పలేదు. శుక్రవారం ఇంటికి చేరడం. శనివారం ఆ పాత తెలుపుకి కలిసే దారం వెతకాలి. చేతులకి రెండు గంటలు, అంచులకి ఇంకో గంట, గుండీలకి కాజాలు. వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. కొట్టు తెరిచిన నాటి నుంచి ఎవరికోసమూ వెయ్యని లెక్క అది.

"ఆదివారం," అన్నాడు. "పొద్దున్న పదకొండూ ఇరవైకి."

కూతురు ఫోను తీసి, ఆదివారం కింద ఆ సమయం వేసుకుని, ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, తేదీ, గంట సరిగ్గా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.