ఐదు శాఖల కుర్చీ

పొద్దున పదయ్యేసరికి ఆమె ఫైలు చంకన పెట్టుకుని మీటింగు గదికి వచ్చేది. ముందు తమ్ముడికి టీ ఇచ్చేది, తర్వాత ఐదు మంత్రిత్వ శాఖల తలుపులు తట్టడానికి బయలుదేరేది. యువజన విధానం మీద ఆ ఐదింటినీ ఒక్క మాట మీదికి తేవడమే ఆమె ఉద్యోగం. అక్కాతమ్ముళ్ళిద్దరూ కవలలు. ఆమెకి నలభై, అతనికి ఇరవయ్యారు.

అతను యువజన ప్రతినిధి. ఆ ప్రతినిధి కుర్చీలో కూర్చున్నంతకాలం మనిషికి వయసు పెరగదు. లేస్తే ఆగిన ఏళ్ళన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే. ఊడ్చేవాళ్ళు కాళ్ళు ఎత్తమని తమ పని చేసుకుపోయేవాళ్ళు. రెండు నెలల పని అనుకుని కూర్చున్నాడు పాపం. యువత అంటే ఎన్నేళ్ళ దాకా అన్నదానికి ఐదు శాఖలూ ఐదు మాటలు చెప్పాయి. క్రీడల వాళ్ళు ఇరవయ్యయిదంటే, ఆరోగ్యం వాళ్ళు ముప్ఫయ్యయిదన్నారు. అలా పద్నాలుగేళ్ళు గడిచాయి. విధానం వస్తే మొదటి ఉద్యోగం అతనికే. ఈలోగా లేచాడా, ఎవరి లెక్కలోనూ యువకుడు కాడు.

"ఇంక నావల్ల కాదక్కా. లేచిపోతాను," అన్నాడు ఒకరోజు. ఆమె అతని భుజాలు రెండు చేతులా నొక్కి పట్టుకుంది.

"ఒక్క సంతకమేరా మిగిలింది. నీకు దణ్ణం పెడతా, లేవకు."

ఆ సంతకం కోసం కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి ముప్ఫై అని ఒప్పుకున్నారు. వయసుకి ఏ ధ్రువపత్రం చూడాలన్న దగ్గర మళ్ళీ పేచీ. ఎవరి పత్రం వాళ్ళకి ముద్దు. అది తెగక, గుమాస్తా మొహం చూసి వయసు రాసుకుంటే చాలని రాసి పారేశారు. అభ్యర్థి మాత్రం శుక్రవారం సాయంత్రం ఐదులోపు కార్మిక శాఖ కౌంటరుకి స్వయంగా రావాలి.

ఆ కౌంటరు రెండంతస్తుల కింద ఉంది. కుర్చీ విద్యాశాఖది, గది దాటించాలంటే వాళ్ళ అనుమతి కావాలి. అప్పటికే నాలుగున్నర. ఆమె ఇంకెవరినీ అడగలేదు. అటెండరు ఒక పక్కా తను ఒక పక్కా పట్టి, తమ్ముణ్ణి కుర్చీతో సహా ఎత్తేశారు. మెట్ల మలుపులో కుర్చీ ఒరిగి అతను ఒక్క క్షణం పైకి లేచాడు. కణత దగ్గర నాలుగు వెంట్రుకలు తెల్లబడ్డాయి.

"గట్టిగా కూర్చోరా," అంది ఏడుస్తూ.

గుమాస్తా మొహం చూశాడు, ఇరవయ్యారు అని రాశాడు, ముద్ర కొట్టి నియామక పత్రం చేతికిచ్చాడు. లేచి రిజిస్టర్లో సంతకం పెట్టమన్నాడు.

తమ్ముడు లేచాడు. పద్నాలుగేళ్ళూ వచ్చిపడ్డాయి. జుట్టు పలచబడింది, మోకాళ్ళు పట్టేశాయి, పత్రాన్ని కాస్త దూరంగా పెట్టి చదువుకున్నాడు. ఆమె అతని నుదుటి మీద జుట్టు సర్దింది. ఆ ఏళ్ళలో వాడు చూడాల్సినవేవీ చూడలేదు, లేస్తానన్నప్పుడల్లా కూర్చోబెట్టింది తనే.

గుమాస్తా కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇచ్చింది రద్దు చేయాలంటే ఐదు శాఖలూ కూర్చుని ఒప్పుకోవాలి," అన్నాడు నిదానంగా.

"అయితే రిటైరయ్యేదాకా భయం లేదక్కా," అన్నాడు తమ్ముడు, గోడ పట్టుకుని మొదటి అడుగు వేస్తూ.