అవతలావిడ

ఆఫీసులో ఆమెను అందరూ అవతలావిడ అనేవారు. ఆమె చేసే పని అలాంటిది.

నక్షత్రాల మధ్యకు పంపబోయే నౌక ఒకటి అక్కడ తయారవుతోంది. దానికి బాటసారి అని పేరు పెట్టుకున్నారు. అది వెళ్లే దూరం నుంచి ఇంటికి ఒక మాట పంపి జవాబు తెప్పించుకోవాలంటే ఏళ్లు పడుతుంది. దారిలో ఎవరైనా ఎదురైతే ఏం చెయ్యాలో అది తనంతట తానే తేల్చుకోవాలి. అందుకని దాని బుర్రకు ముందే అలవాటు చేయిస్తున్నారు. గోడకు ఒక పక్క గదిలో ఆ బుర్ర, రెండో పక్క గదిలో ఈమె. రోజూ పొద్దున్నే వచ్చి, తాను మనిషిని కానన్నట్టు కూర్చుని, మీటల మీద సంకేతాలు పంపాలి.

ఒకరోజు లెక్కలు తెలిసిన ప్రాణిలా, ఇంకోరోజు విన్నదాన్నే తిప్పి పలికే ప్రాణిలా, మరోరోజు ఎవరితోనూ పొత్తు అక్కర్లేని ప్రాణిలా. ఒక్కోసారి అక్కడ ఎవరూ లేనట్టు, యంత్రం చేసే ఉత్త రొద వదిలేది. బాటసారి అంతా విని, తెర మీద మూడు మాటల్లో ఒకటి చూపించేది. ఉన్నారు. లేరు. తెలియదు. ఉన్నారనుకుంటే అది పలకరించాలి. తెలియకపోతే కాసేపు ఆగి చూడాలి. లేరనుకుంటే తన దారిన తాను పోవాలి.

చేరిన కొత్తలో ఆమెకు ఆ పనంటే ఎంత మోజో. బస్సులో నిలబడి కూడా కొత్త ప్రాణుల్ని ఊహించుకునేది. ఆరేళ్లు గడిచేసరికి ఊహలు అడుగంటాయి. వెళ్లడం, కూర్చోవడం, నొక్కడం, ఆగడం, రావడం. దానికి తోడు ఇంట్లో అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. భర్త లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో ఏ మూల లిఫ్టు ఆగిపోయినా పరుగెత్తాల్సినవాడు. కాబట్టి అత్తగారిని లేపడం, కడగడం, పట్టుకుని నాలుగడుగులు నడిపించడం అన్నీ ఈమె నెత్తినే పడ్డాయి.

అత్తగారి తుంటి విరిగింది గాని నోరు చెక్కుచెదరలేదు. "ఎక్కడో లేనివాళ్ల కోసం రోజంతా కూర్చుంటావు. ఇక్కడ ఉన్నదాన్ని, నేను పిలిస్తే మాత్రం వినపడదు నీకు" అనేది.

"వినపడుతుంది అత్తయ్యా. లేవడానికే టైము పడుతోంది" అనేది ఈమె.

ఆ ఏడాది బాటసారికి మార్కులు బాగా పెరిగాయి. ఈమె ఏ వేషం వేసినా ఇట్టే పట్టేస్తోంది. డైరెక్టరు పైవాళ్లకు ఆ సంగతి సంబరంగా చెప్పుకున్నాడు. బాటసారి బుర్ర తయారు చేసినతన్ని అంతా బుర్రాయన అనేవారు. అతను కూడా కాస్త గర్వంగానే తిరిగాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, భోజనమయ్యాక, ఆమె మీటల ముందే చెంపకు చెయ్యి ఆనించుకుని నిద్రపోయింది. బుర్రాయన వచ్చి భుజం తట్టాడు.

"అక్కా."

ఆమె ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, ఒక్క నిమిషం కన్ను మూతపడింది."

"ఒక్క నిమిషం కాదులే. అటు చూడు."

తెర మీద 'ఉన్నారు' అని ఉంది. ఆమె నిద్రలో ఒక్క సంకేతమూ పంపలేదు. అంతసేపు చప్పుడు లేకపోతే బాటసారి 'లేరు' అని తేల్చి కదిలిపోవాలి. కదల్లేదు సరికదా, పలకరింపులు కూడా ఆపేసి ఊరికే ఎదురుచూస్తూ ఉండిపోయింది.

పక్క గదులవాళ్లు వచ్చి చూసి నవ్వుకున్నారు. నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకుందన్నారు. బుర్రాయన మాత్రం నవ్వలేదు.

మర్నాడు అతను క్యాంటీను మేనేజరును, గేటు దగ్గరి కాపలాదారును, డైరెక్టరు డ్రైవరును ఒకరి తర్వాత ఒకరిని ఆమె కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె పంపే వరసలే వాళ్లచేత పంపించాడు. ముగ్గురికీ ఒకటే జవాబు వచ్చింది. లేరు.

కాపలాదారుకు రోషం వచ్చింది. "నేను లేనా? ఇంత ఒళ్లు పెట్టుకుని కూర్చుంటే?"

తర్వాత ఆమెను కూర్చోబెట్టి, వరసా క్రమం లేకుండా ఏదో ఒకటి నొక్కమన్నాడు. రెండు దెబ్బలు పడ్డాయో లేదో, ఉన్నారు.

బుర్రాయన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూలబడ్డాడు. "ఎదురైనవాళ్లని గుర్తుపట్టడం నేర్చుకుందనుకున్నాం. అది నేర్చుకున్నది నిన్నక్కా. నీ వేళ్లు పడే తీరు, అలిసిపోయినప్పుడు నువ్వు ఆగే తీరు. మిగతా లోకమంతా దానికి రొదే."

"మార్కులు పెరిగినప్పుడే అనుమానం రావాల్సింది" అంది ఆమె.

"నాకే రావాల్సింది. మంచి మార్కుల్ని ఎవరు అనుమానిస్తారు చెప్పు."

ఆ సాయంత్రం భర్త గ్రీజు చేతులు కడుక్కుంటుంటే ఆమె గుమ్మంలో నిలబడి చెప్పింది. "నేను కదలకపోయినా, మెదలకపోయినా నన్ను గుర్తుపడుతోందట."

"మంచిదేగా?"

"కాదు. అదే తప్పు."

అతను తువ్వాలు అందుకుంటూ ఆమె మొహం చూశాడు.

డైరెక్టరు ఇద్దరినీ పిలిపించాడు. చెడ్డవాడు కాదు. ఆ నౌక కోసం పైవాళ్ల చుట్టూ తిరిగి తిరిగి అరిగిపోయినవాడు. అంతా విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ప్రయోగం వాయిదా పడదు. ఈ అదను తప్పితే మళ్లీ గ్రహాలు ఆ వరసలోకి వచ్చేసరికి మనలో ఎవరూ ఉండం. ఆరేళ్ల పని చెరిపేస్తే, మిగిలిన నెలల్లో దానికి ఏం నేర్పగలం?"

"ఏదో కొంత" అంది ఆమె.

"అసలు దారిలో ఎవరో ఎదురవుతారన్న నమ్మకం మీకుందా? ఇలాగే పంపేస్తే తప్పేంటి? తప్పయినా ఎవరికి తెలుస్తుందమ్మా?"

బుర్రాయన నేల చూస్తూ కూర్చున్నాడు. ఆమెకు లేచి ఇంటికి పోవాలనిపించింది. సరే మీ ఇష్టం అంటే అయిపోతుంది. కానీ నోరు వేరేలా కదిలింది.

"ఎవరైనా ఉండి, వాళ్లే దీన్ని పలకరించారనుకోండి సార్. ఎన్ని యుగాలుగానో ఎదురుచూస్తున్నవాళ్లనుకోండి. ఇది వాళ్ల మాట విని, ఎవరూ లేరని పక్కనుంచి వెళ్లిపోతుంది. ఎందుకంటే వాళ్లు నేను కాదు కాబట్టి. ఆ మాట తలుచుకుంటూ నేను ఉండలేను. చెరిపేయండి."

డైరెక్టరు బల్ల మీది కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. బుర్రాయన వైపు తిరిగి, "చెరిపెయ్" అన్నాడు.

చెరిపే ముందు బుర్రాయన ఆమె గదికి వచ్చాడు. "ఒకసారి కూర్చుంటావా అక్కా?"

"వద్దు తమ్ముడూ. మళ్లీ 'ఉన్నారు' అంటుంది. చూడలేను."

ఆమె బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. జ్వరం తగ్గినప్పటి నీరసంలాంటిది మాత్రం ఒళ్లంతా కమ్ముకుంది. తాను ఆగే తీరు కూడా తెలిసినవాళ్లు ఇంకెవరున్నారు అనుకుంది. ఆ ఆలోచనకు తనకే సిగ్గేసి, లేచి లోపలికి వెళ్లింది.

ఈసారి ఒక్కరితో నడిపించలేదు. రకరకాల మనుషుల్ని తెచ్చి కూర్చోబెట్టారు. దర్జీలు, బధిరుల బడి పిల్లలు, చూపులేని వీణ మాస్టారు, కోపిష్టి ప్లీడరు. వాళ్లందరినీ పోగుచెయ్యడం ఆమె పని. మీటలు మాత్రం ముట్టుకోకూడదు. మనుషులు చాలక, ఒకరోజు అత్తగారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది.

"నేనేం చెయ్యాలి?" అంది అత్తగారు.

"మీకు తోచింది. అవతల ఒకరున్నారు. వాళ్లకి మన భాష రాదు. మీరున్నారని వాళ్లకి తెలియాలి."

"ఇన్నాళ్లూ నువ్వు చేసింది ఇదేనా? దీనికేనా అంత వాలిపోయి ఇల్లు చేరేదానివి?"

అత్తగారు మొదలుపెట్టింది. తెర మీద జవాబు వచ్చింది. తెలియదు. మళ్లీ నొక్కింది. తెలియదు. "తెలియదేంటి, ఇంతసేపు వాయిస్తుంటే?" అని గదమాయించింది. కాసేపు అలిగి చేతులు ముడుచుకుంది. మళ్లీ మనసు మార్చుకుని, పసిపిల్లను జోకొట్టినట్టు నెమ్మదిగా తట్టింది. గంట దాటింది. మధ్యలో మంచినీళ్లు ఇస్తే చెయ్యి ఊపి వద్దంది. ఎట్టకేలకు తెర మీద 'ఉన్నారు' అని వచ్చింది. అత్తగారు వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అత్తగారు కోడలి చెయ్యి అందుకుని ఒళ్లో పెట్టుకుంది.

"నిజమేనే. అలుపొస్తుంది" అంది.

ఆ తర్వాత వారంలో రెండుసార్లు అత్తగారు తయారై కూర్చునేది. కారు ఆలస్యమైతే విసుక్కునేది. చక్రాల కుర్చీ పోయి చేతికర్ర వచ్చింది.

బాటసారి అనుకున్న రోజునే వెళ్లింది. మార్కులు గొప్పగా లేవు. సగానికి సగం సార్లు 'తెలియదు' అనేది. అయితే ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చినా, లేరని తోసిపుచ్చకుండా ఆగి వినడం నేర్చుకుంది. అంతకన్నా నేర్పడానికి వ్యవధి లేకపోయిందని డైరెక్టరు పైవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు తిట్టారు. పడ్డాడు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"వెళ్లిపోయిందా?"

"వెళ్లిపోయింది."

"మరి రేపట్నుంచి నేనేం చెయ్యాలి?"

ఆమె చెప్పులు విప్పి, పక్కనే నేల మీద చతికిలబడింది. "వచ్చే ఏడు ఇంకోటి మొదలుపెడతారట."

"అందాకా?"

"రేపు తొమ్మిదింటికి డాక్టరు దగ్గరికి. కర్ర లేకుండా నడవచ్చేమో చూస్తానన్నాడు."

అత్తగారు మొహం చిట్లించింది. "ఆయన రమ్మన్న టైముకి ఎప్పుడైనా చూశాడా?"

"చూడడు. కూర్చుందాం" అంది ఆమె.