కుర్చీలో రిఫరీ

తాకువారెంబో ఊళ్లో ఆదివారం ఫుట్‌బాల్ ఆటలకు ఇరవై ఎనిమిదేళ్లుగా ఒలెగారియోనే రిఫరీ. ఆడేవాళ్లంతా యాభై దాటినవాళ్లు. పరుగు తక్కువ, వాదులాట ఎక్కువ. ఆ వాదులాటల్లో ఒక్కనాడూ ఓడిపోలేదని అతని గర్వం. అలాంటివాడికి ఆ ఏడు మెడ దగ్గర గడ్డలు తేలి, కాన్సర్ అని తేలింది. ఆస్పత్రిలో మూడు వారాలకోసారి మందెక్కిస్తున్నారు.

మొదటి రెండు విడతలూ బాగానే గట్టెక్కాడు. జుట్టు ఊడినప్పుడు బావమరిది వాల్దెమార్ ఆ గుండును అరచేత్తో తడిమి, ఇక మీదట బంతేదో బావ తలేదో తెలీక తన్నితే తన తప్పు కాదని ముందే చెప్పేశాడు. అతను గోల్‌కీపరు. మూడో విడత తర్వాత మాత్రం ఊపిరి మొరాయించింది. వంగి బూట్ల తాడు కట్టుకుంటే ఆయాసం. స్నానం చేసొస్తే ఆయాసం. మంచం దిగి వంటింట్లోకి వచ్చేసరికి గుండె దడదడలాడేది.

ఒలెగారియో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరు మందు ఆపేస్తుందనీ, ఆపితే జబ్బు మళ్లీ తలెత్తుతుందనీ లోలోపల భయం. ఇంటి నుంచి క్లబ్బుకు మూడు వీధులు. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు, ఆగినట్టు కనబడకూడదు. అందుకని ఒక దుకాణం అద్దాల ముందు నిలబడి లోపలికి చూస్తుండేవాడు. అది పెళ్లి గౌన్ల దుకాణమని అతను పట్టించుకోలేదు. ఊరు పట్టించుకుంది. వారం తిరక్కుండా కబురు అతని భార్య నెల్బా చెవిన పడింది.

ఆమె మాతే ఆకుల టీ పాత్రలో వేడినీళ్లు పోసి అందిస్తూ చాలా మామూలుగా అడిగింది.

"పిల్లెవరు?"

"ఏ పిల్ల?"

"రోజూ పావుగంట తెల్ల గౌన్లు చూసొస్తున్నావట. పిల్లెవరో చెబితే నేనూ ఓ మాట సాయం చేస్తాను కదా."

అతను ఆ దుకాణం కుట్టుపని గురించి ఏదో గొణిగాడు. నెల్బా నవ్వింది. నవ్వుతూనే అతని పెదవులు పాలిపోయి ఉండటం చూసింది. అడిగితే దాటేస్తాడని అప్పటికి ఊరుకుంది.

ఆదివారం ఆట మొదలైన పది నిమిషాలకు, మాంసం కొట్టు నడిపే ఎల్బియో ఎవరికో కాలడ్డం పెట్టి పడేశాడు. ఒలెగారియో అటు పరుగెత్తి ఈల నోట పెట్టుకున్నాడు. గాలి తప్ప మోత రాలేదు. ఇంకోసారి ఊదబోయి గడ్డి మీద కూలబడ్డాడు.

వాల్దెమార్ గోలు వదిలేసి బొజ్జ ఊపుకుంటూ వచ్చాడు.

"బావా, పరుగెత్తవని ఇన్నేళ్లూ తిట్టాం. తప్పయిపోయింది, ఇక పరుగెత్తకు."

మాట ఎగతాళిగానే వచ్చింది గానీ, బావ వీపు మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

గట్టున కూర్చుని ఆట చూస్తున్న నెల్బా అతన్ని అక్కణ్నుంచి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లింది. పదమూడు ఉండాల్సిన రక్తం ఏడుకు పడిపోయిందని తేలింది. డాక్టరమ్మ ఇర్మా వయసులో అతనిలో సగం. అయినా స్కూలు పిల్లాణ్ని నిలదీసినట్టు నిలదీసింది. ఈ మందులతో రక్తం తగ్గడం మామూలేననీ, చెప్పకుండా దాచడమే ప్రమాదమనీ అంది. కూర్చుని ఉండగా ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి పుట్టినా ఆ క్షణమే రావాలంది. మందు ఆపడం లేదు, ఒక్క వారం వాయిదా వేస్తున్నామంది. ఆ ఒక్క మాట వినడానికి రెండు వారాలుగా ఎంత యాతన పడ్డాడో తలుచుకుంటే ఒలెగారియోకు తన మీద తనకే చిరాకేసింది.

రెండు సంచుల రక్తం ఎక్కుతుండగా నెల్బా పక్కన కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"భయపడతావని."

"గౌన్ల సంగతి విన్నప్పుడు భయపడలేదనుకున్నావా? భయపడితే ఇద్దరం కలిసే భయపడదాం. ఒక్కడివే ఊరి మీదకెళ్లి భయపడి రాకు."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సాయంత్రానికి పెదవులకు రంగొచ్చింది.

ఆ వారం జట్టంతా రక్తం ఇవ్వడానికి వెళ్లింది. వయసనీ బీపీ అనీ సగం మందిని తిప్పి పంపారు. వాల్దెమార్ ఇచ్చాడు. ఎవరి రక్తం ఎవరికి వెళ్తుందో చెప్పరని తెలిసినా, బావలో పారుతున్నది గోల్‌కీపరు రక్తమేనని ఊరంతా చాటాడు.

ఇంట్లో కొత్త పద్ధతులొచ్చాయి. స్నానం స్టూలు మీద కూర్చునే చేయాలి. పొద్దున ఒక్క పనే, దాని తర్వాత విశ్రాంతి. ఆయాసం వస్తే ముక్కుతో పీల్చి, వేడి సూపు ఊదినట్టు నోటితో నెమ్మదిగా వదలాలి. డాక్టరు చెప్పని కాలేయం వేపుడు ఒకటి నెల్బా సొంతంగా చేర్చింది. అదొక్కటే అతనికి మింగుడుపడలేదు.

నెల తర్వాత మైదానం మధ్య గీత పక్కన కుర్చీ వేసి అతన్ని కూర్చోబెట్టారు. పరుగెత్తే రిఫరీ కావాలంటే ఎవరూ ముందుకు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు గట్టున కూర్చుని ఆట చూసిన నెల్బా లేచి చెప్పులు విప్పి బూట్లు తొడుక్కుంది. ఆమె ఎవరినీ వదల్లేదు. తమ్ముడని చూడకుండా వాల్దెమార్ మీద పెనాల్టీ ఇచ్చింది. అది పెనాల్టీ కాదని ఒలెగారియో కుర్చీలోంచి ఒకటే వాదన. ఊపిరాడక మధ్యలో ఆగి, సూపు ఊది, మళ్లీ మొదలుపెట్టాడు.

నెల్బా నెమ్మదిగా అతని దగ్గరికి నడిచొచ్చి, జేబులోంచి, రిఫరీతో వాదించేవాళ్లకు హెచ్చరికగా చూపే పసుప్పచ్చ కార్డు తీసి అతనికి చూపించి వెళ్లిపోయింది.