ఐదు పేర్లు

కృపానిధి మూడో పెట్టె వెనక చెయ్యి పెట్టి చూశాడు. వేడి మామూలుగానే ఉంది. నాలుగోది ఎప్పటిలాగే కాస్త ఎక్కువ మూలుగుతోంది. విజయనగరం కోట దగ్గరి వీధిలో, మేడమీది గదిలో ఉన్న ఆ పన్నెండు సర్వర్లకూ పదిహేడేళ్లుగా అతనే దిక్కు. చుట్టుపక్కల నర్సింగ్ హోముల చీటీలు, రక్తపరీక్షల కాగితాలు అన్నీ వాటిలోనే ఉంటాయి. కరెంటు పోయి వస్తే దేన్ని ముందు లేపాలో, దేని తరవాత రెండు నిమిషాలు ఆగాలో అతనికొక్కడికే తెలుసు. పొట్టి మనిషి, బట్టతల, వంగిన భుజాలు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

ఈరోజుతో ఆ గదికి సెలవు. కంపెనీ ముంబైలో సర్వర్లు అద్దెకు తీసుకుంది. ఎవరితోనూ పంచుకోనక్కర్లేని, ఇంకా ఏమీ ఎక్కించని ఉత్త యంత్రాలవి. వాటి మీద ఏది ముందు, ఏది వెనక ఎక్కించాలో ఒక ఫైల్లో రాసిస్తే, ఆర్కెస్ట్రేషన్ టూల్ అనేది మనిషి చెయ్యి పడకుండా తనే చేసుకుపోతుంది. ఆ ఫైలు రాసింది ధనరాజ్, కృపానిధి బావమరిది. డిగ్రీ తప్పి పార్వతీపురంలో ఖాళీగా తిరుగుతున్నవాణ్ణి తెచ్చి, యజమాని మురళీమోహన్ గారి కాళ్లావేళ్లా పడి ఉద్యోగం వేయించి, పని నేర్పింది కృపానిధే. మూడు నెలలుగా వాడు పక్కన కూర్చుని "తర్వాతేటి బావా?" అని అడగడం, ఇతను ఏదీ దాచుకోకుండా చెప్పడం. కొత్తవి కూడా నువ్వే చూసుకోవాలయ్యా అని మురళీమోహన్ గారు భుజం తట్టారు మరి. ఆ ఒక్క మాటకు మనిషి ఎంత మురిసిపోయాడో, పిచ్చి మారాజు!

పదకొండింటికి ధనరాజ్ కుర్చీ జరిపాడు. "నువ్వే నొక్కు బావా. ఇన్నేళ్లు సూసినోడివి."

కృపానిధి కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని నొక్కాడు. తెర మీద వరసలు కదిలాయి. మొదట డేటాబేస్ లేచింది. తరవాత టూల్ రెండు నిమిషాలు ఆగింది. ఎందుకాగాలో దానికేం తెలుసు? అతను చెప్పాడు, అది ఆగింది. నలభై నిమిషాల్లో అన్నీ పచ్చగా వెలిగాయి. సంతోషంతో అతని కళ్లు చెమర్చాయి.

ఒకసారి లోపలికి వెళ్లి చూద్దామని తన పేరు, పాస్‌వర్డ్ కొట్టాడు. అనుమతి లేదంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే మాట. తప్పెక్కడుందోనని ఫైలు తెరిచాడు. కొత్త యంత్రాల్లోకి ఎవరెవర్ని రానివ్వాలో అందులో జాబితా ఉంది. ఐదు పేర్లు. మొదటిది ధనరాజ్‌ది. కృపానిధి పేరు లేదు.

"ఏటిరా ఇది? నా పేరు మర్సిపోనావేటి?"

ధనరాజ్ తలెత్తలేదు. "మర్సిపోలేదు బావా. మురళీమోహన్ గారే వొద్దన్నారు. ఈ గది లేకపోతే నీకు పనేటుంటాదన్నారు. ఈ నెల వరకే..."

"తెలిసీ నా సేత నొక్కించినావా?"

"నన్నేటి సెయ్యమంటావు? నా ఉద్యోగం నిలబడాల గదా. అక్కకి అప్పుడే సెప్పీసినాను."

వాడికున్నది ఒక్కతే అక్క. కృపానిధి భార్య సత్యవతి.

"అప్పుడే అంటే?"

"నెల్లాళ్లయ్యింది. నీకు సెప్పొద్దంది. సెప్తే పని సగంలో ఒగ్గేస్తావు, నా ఉద్యోగం కూడా పోతాదని."

బావమరిదినైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. నెల్లాళ్లుగా పక్కన మోకరించి, ఈ పని చక్కగా జరగాలని తనతోపాటు దేవుణ్ణి వేడుకున్న మనిషినేమనాలి?

ఏం చెయ్యాలో తోచక తన బల్ల దగ్గరికి వచ్చి, పొద్దున ఆమె సర్దిచ్చిన క్యారియర్ తెరిచాడు. పై గిన్నెలో వంజరం చేప పులుసు. ఆ ఇంట్లో చేప వండేది ఆదివారం, చర్చి నుంచి వచ్చాకే. ఈరోజు బుధవారం. ఈరోజు తనకేం తెలియబోతోందో ఆమెకు ముందే తెలుసన్నమాట.

మూత పెట్టేశాడు. గది తాళంచెవి ధనరాజ్ ముందు పెట్టి, మెట్లు దిగి ఎండలోకి వెళ్లిపోయాడు.

క్యారియర్ మాత్రం బల్ల మీదే ఉండిపోయింది, ఇంకా గోరువెచ్చగా, మూత సందులోంచి పులుసు వాసన వస్తూ.